గుంతలాట

తొలివాన పడిన మర్నాడు పొద్దున ముసలయ్య ఎద్దు బంగళా తోటలో పట్టుబడింది. రాత్రి ఉరుములకు బెదిరి, పలుపు తెంపుకుని, వెదురు దడి తోసుకుని లోపలికి పోయింది. పోయినది ఏ చెట్టుకిందో నిలబడక, అడవుల దొర అతిథుల కోసం వేయించుకున్న ఆటస్థలం మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. నానిన ఎర్రమట్టిలో గిట్టలు దిగబడ్డాయి. అన్నిటికన్నా కష్టమైనదని దొర చెప్పుకునే మట్టిదిబ్బ పైకి కూడా ఎక్కి, కాసేపు నిలబడి, అక్కడ పేడ వేసి దిగింది.

ఎద్దులకు ఆట నియమాలు తెలియవు. ఆ మాటకొస్తే ఊళ్ళో మనుషులకూ తెలియవు. బస్తరు రాజ్యానికి ఈ చివర, గోదావరి ఒడ్డున, నది అందం చూడటానికి వచ్చే పెద్దవాళ్ళు దిగే బంగళా అది. దొర దాని ముందు నేల చదును చేయించి, ఏటి రాళ్ళు అంచులు పేర్పించి, సన్నని దారులు వేయించాడు. ప్రతి దారి చివరా ఒక ఇత్తడి చెంబును మూతిదాకా పాతించాడు. తెల్లని బంతిని కర్రతో కొడితే అది పోయి చెంబులో పడాలి. ఊరికే పడితే మజా ఏముంది కనుక మధ్యలో వెదురు గొట్టం, తొలిచిన ఇప్పదుంగ, చిన్న కాలువ మీద పలక వంతెన. చివరిది దిబ్బ. దాని నెత్తిన చెంబు. మెల్లగా కొడితే బంతి తిరిగి కాళ్ళ దగ్గరికి వస్తుంది, గట్టిగా కొడితే అవతల కాలువలో పడుతుంది. ఏటి అవతల నుంచి వచ్చిన ఎందరో దొరలు పొద్దుగూకే దాకా ఆ దిబ్బను కొట్టి కొట్టి, చెమటలు తుడుచుకుని లోపలికి పోయారు.

దొర దానికి చిన్న గోల్ఫు అని పేరు పెట్టాడు. ఊరు గుంతలాట అంది. మొదట్లో చెంబులు పాతుతుంటే చేతబడి అనుకుని ఆ దిక్కు పిల్లలను పోనివ్వలేదు. తర్వాత దొర నిజంగానే ఆడుకుంటున్నాడని తెలిసి, అంత ఎదిగిన మనిషికి ఇంట్లో పనేమీ లేదు కాబోలని ఆడవాళ్ళు జాలిపడ్డారు.

ముసలయ్య, అతని భార్య దుర్గమ్మ పరుగున వచ్చేసరికి ఎద్దు గుర్రాలశాల పక్కన కొట్టంలో ఉంది. కొట్టం ముందు బంగళా జమాదారు నంద. జగదల్‌పూర్ వైపు మనిషి. తెలుగు వచ్చు గాని, హుకుం చెప్పేటప్పుడు మాత్రం హిందీ కలిపితేనే హుకుంలా ఉంటుందని అతని నమ్మకం.

"మెహమాన్లు రేపు దిగుతరు. ఆట జాగా ఎట్లుండెనో అట్ల కావాలె. వాళ్ళు ఉన్నన్నాళ్ళు రోజూ అలికి ఉండాలె. వాళ్ళు పోయినంక సాహెబ్ చూసి, బాగుందంటే ఎద్దును ఇడుస్తడు."

"అలికి ఇస్త జమాదారూ, నా కాల్చేతులు ఏడికి పోతయ్," అన్నాడు ముసలయ్య. "ఎద్దును మాత్రం ఇప్పుడు ఇడువున్రి. వాన పడ్డది. పదును పోతది."

"పదును నాకెందుకు చెప్తవ్? నేనేమన్న దున్నుతున్ననా? నువ్వు పో. ఆమెను ఉండమను."

ముసలయ్యకు ఉన్నది ఒంటెద్దు. పక్కింటి భూషణానికీ ఒంటెద్దే. రెండూ కలిపితే ఒక జత. ఏటేటా తొలివాన పడగానే ఆ జత ముందు ఒకరి చేనూ తర్వాత మరొకరి చేనూ దున్నేది. ఇప్పుడు భూషణం కాడి భుజాన వేసుకుని వచ్చి, బంగళా దడి అవతల నిలబడి, లోపల కట్టేసి ఉన్న ఎద్దును చూశాడు.

"ఎన్నడు ఇడుస్తరట వదినె?"

"సుట్టాలు పోయినంక."

"శుక్రారం దాక చూస్త." భూషణం మొహం పక్కకు తిప్పుకున్నాడు. "తప్పు పట్టుకోకున్రి. ఇర్మా నిన్ననే అడిగిండు. ఆయనదీ ఒంటెద్దే గద. నా పిల్లలూ తినాలె."

తప్పు పట్టుకోవడానికి ఏముంది? దుర్గమ్మ కొంగు నడుముకు చెక్కి, గంప అడిగింది.

*

బేగారికి, అంటే కూలి లేని వెట్టికి, వచ్చిన దొర్ల తెగ మనిషి సోమి నీళ్ళు మోసింది. ఆమె ఎద్దు ఏ తప్పూ చెయ్యలేదు. ఆమెకు ఎద్దే లేదు. అయినా ఈ వారం వాళ్ళ ఇంటి వంతు కనుక వచ్చింది.

ఇద్దరూ పోయి పాడుబడిన పుట్ట తవ్వి మన్ను తెచ్చారు. దుర్గమ్మ దాన్ని జల్లెడ పట్టింది. గిట్టల గుంతల్లో పొడిమన్ను పోస్తే పైన నీళ్ళు పడగానే మళ్ళీ కుంగుతుందని, ముందు అంచులు గీకి, తడిపి, ముద్దలు కుక్కి, దిమ్మిసతో కొట్టింది. ఆ పైన సన్నని ఊక, పేడ, పుట్టమన్ను కలిపిన అలుకు. చెంబు మూతి దగ్గర మాత్రం చూపుడువేలితో అద్దాలి. అక్కడ గోరంత మట్టి ఎత్తుగా ఉన్నా బంతి చెంబులో పడకుండా చుట్టూ తిరిగి పోతుంది.

"మన ఇల్లు ఇంత మంచిగ అలుక్కున్నమా ఎన్నడన్న?" అంది సోమి, కుండ దించుతూ.

"మన ఇంట్ల దొర ఆడుతడా?"

"ఆడితే మంచిగుండు. మావోడు తాగి పడ్డప్పుడు దొర్లి దొర్లి ఆ చెంబుల పడుతుండె."

దుర్గమ్మకు నవ్వొచ్చింది. వెంటనే కొట్టంలో ఎద్దు రంకె వేసింది. నవ్వు అక్కడే ఆగిపోయింది.

సాయంత్రం దొర వచ్చాడు. ఎర్రటి మెడ, మోకాళ్ళదాకా మేజోళ్ళు. చెడ్డవాడని ఎవరూ అనరు. చెయ్యి చేసుకోడు, అరవడు. ఏం చెప్పినా చిరునవ్వుతో చెబుతాడు కనుక కాదనడానికి సందు దొరకదు. బంతి పెట్టి మెల్లగా తట్టాడు. అది చెంబు దాకా పోయి, చివర్న కొంచెం ఎడమకు ఒరిగింది. దొర కర్ర పక్కన పడేసి, నేల మీద బోర్లా పడుకుని, చెంప ఆనించి ఒక కన్ను మూసి చూశాడు. ఇంటాయన అట్లా పడుకుంటే దుర్గమ్మ భయపడి మంత్రగాణ్ణో వైద్యుణ్ణో పిలిచేది. దొర లేచి, చెంప మీది మట్టి తుడుచుకోకుండానే ఒక చోట వేలు పెట్టి చూపించాడు.

"ఫిర్ సే," అన్నాడు నంద.

దుర్గమ్మ అక్కడ గీకి మళ్ళీ అలికింది. ఏటి గులకరాయితో రుద్ది నునుపు తేల్చింది. చీకటి పడేవేళకు ఆమె మోచేతుల దాకా పేడ ఎండి బిగుసుకుంది. ఇంటికి పోయేటప్పుడు కొట్టం దగ్గర ఆగి, ఎద్దు ముందు చేతులు చాచింది. అది ఆ చేతులను నాకి, ఉప్పు లేదని తెలుసుకుని, తల తిప్పుకుంది.

*

అతిథులు ఇద్దరే. ఒక దొర, ఆయన భార్య. ఆయనకు ఆట పిచ్చి. పొద్దున్నుంచి దిబ్బ దగ్గరే ఉండేవాడు. బంతి తిరిగి వచ్చినప్పుడల్లా ఆ చోటు వైపు వేలెత్తి ఏదో అనేవాడు. ఇంటి దొర నవ్వేవాడు. అతిథి ఓడిపోయిన కొద్దీ ఇంటి దొర ముఖం విచ్చుకునేది. ఆట అయిపోయిన ప్రతిసారీ దుర్గమ్మ, సోమి ముందుకు వచ్చి బూట్ల గుర్తులు అలికి పోవాలి. మళ్ళీ ఆట. మళ్ళీ అలుకు. మధ్యలో ఒక జల్లు పడితే అంతా మొదటి నుంచి. ఆ జల్లు పడినప్పుడల్లా దుర్గమ్మ ఆకాశాన్ని కాక, దడి అవతల తమ చేను ఉన్న దిక్కు చూసేది. వాన మంచి వాన. దున్నుకునేవాళ్ళకు.

అతిథి దొరసాని చిన్న పిల్ల. లేత ముఖం. వదులు గౌను కింద కడుపు బాగా తెలుస్తున్నది. రెండోనాడు ఆమె బంతి దిబ్బ ఎక్కి దిగి కాళ్ళ దగ్గరికి వచ్చి ఆగితే, పగలబడి నవ్వి, కర్ర మొగుడి చేతికిచ్చి, దుర్గమ్మ అలుకుతున్న చోటికి వచ్చింది. మోకాళ్ళ మీద చేతులు ఆన్చి, బరువుగా గొంతుక్కూర్చుంది. ఏమనుకుందో, అలుకు గంపలో చెయ్యి ముంచి నేల మీద ఒక్కసారి రాసింది.

నంద చెంబెడు నీళ్ళు పట్టుకుని ఉరికొచ్చాడు. దుర్గమ్మ మాత్రం ఆ మణికట్టు పట్టుకుని, అరచెయ్యి కాస్త వంచి, మోచెయ్యి కదలకుండా భుజం నుంచి తిప్పాలని చూపించింది. ఈసారి అర్ధచంద్రంలా వచ్చింది. పిల్ల గర్వంగా మొగుడి వైపు చూసింది. ఆయన బంతినే చూస్తున్నాడు.

దుర్గమ్మ తన కొంగుతో ఆమె చెయ్యి తుడిచి, కడుపు వైపు చూసి, వేళ్ళు విప్పి అడిగింది. దొరసాని ఎర్రబడి, ఏడు వేళ్ళు చూపింది.

"నెలలు నిండుతున్న పిల్లను ఏరు దాటించి ఆటలకు తోలుకొచ్చిండు," అంది దుర్గమ్మ సోమితో. "ఈని తల్లికి చెప్పేటోళ్ళు లేరు."

"తల్లి ఏడున్నదో, సముద్రం అవతల," అంది సోమి. "అక్కడికి నువ్వెట్ల చెప్తవ్, పెద్దగ అరుస్తవా?"

*

శుక్రవారం పొద్దున అతిథులు బయలుదేరారు. రాత్రి పైన ఎక్కడో కురిసినట్టుంది, గోదావరి ఎర్రగా పొంగి, దుంగలూ కొమ్మలూ తోసుకొస్తున్నది. దొరసానిని మేనాలో ఎక్కించారు. వాళ్ళను రేవుదాకా దించి రావడానికి దొర కూడా గుర్రం ఎక్కాడు. ఎక్కి, నందకు ఏదో చెప్పాడు.

"ఇగో బాయీ," అన్నాడు నంద. "సాహెబ్ రేవు నుంచి వచ్చేసరికి జాగా అంతా అలికి ఉండాలె. చూస్తడు, ఎద్దును ఇడుస్తడు, అటే అడవులు తిరగ దౌరాకు పోతడు. గుర్రం దిగేది గూడ లేదు. అర్థమైందా?"

అర్థమైంది. దడి అవతల ముసలయ్య పలుపు చేతికి చుట్టుకుని నిలబడి ఉన్నాడు. అతని వెనక భూషణం కాడి దించకుండానే నిలబడ్డాడు. దుర్గమ్మ పేడ పిసికింది. మన్ను కలిపింది. గంప దగ్గరికి లాక్కుంది. మేనా గేటు దాటి రేవు వైపు దిగిపోయింది.

ఆమె చెయ్యి గంప మీదే ఆగిపోయింది.

"కానీ," అన్నాడు నంద.

"వాళ్ళింక ఏరు దాటలె."

"అయితే ఏంది?"

"మనిషి గడప దాటంగనే ఎనక అలుకుతరా జమాదారూ? పీనుగ లేసినంక అలుకుతరు."

నంద తల పట్టుకున్నాడు. "వాళ్ళు దొరలు. వాళ్ళకు ఇవన్నీ అంటవు."

"కడుపుల పిల్ల ఇంక దొర కాలె గద."

నంద హిందీలో ఏదో గొణుక్కున్నాడు. ముసలయ్య దడి పట్టుకుని వంగాడు. "అలుకవే. ఎవరికీ ఏం గాదు. నీ కాళ్ళు మొక్కుత, అలుకు."

"దాటనియ్," అంది దుర్గమ్మ, ఏటి మీది నుంచి చూపు తిప్పకుండా. "దాటంగనే చేతులు ఆడిస్త. ఎంతసేపు?"

బంగళా ఎత్తు మీద ఉంది కనుక రేవు కనిపిస్తుంది. నావ ఒడ్డు విడిచింది. మామూలుగా ఎదురుగా పోయేది, నడిమికి రాగానే ప్రవాహం కిందికి లాగింది. పడవవాళ్ళు గడలు వేస్తున్నారు, అందడం లేదు. నావ చీమంత అయింది. ఒక దుంగ దాని పక్క నుంచే పోయింది. దుర్గమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చేతులమీది పేడ ఆరి చర్మాన్ని లాగుతున్నది. ఆమె పెదవులు కదులుతున్నాయి. చాలా దిగువన, అవతలి ఇసుక మీద తెల్లని గొడుగు ఒకటి విచ్చుకుని, మెల్లగా పైకి కదిలింది.

"దాటింది," అని దుర్గమ్మ చెయ్యి గంపలో ముంచింది.

దొర గుర్రం గేటులోకి వచ్చింది. నావ ఒడ్డు విడవగానే ఆయన వెనక్కి మళ్ళినట్టున్నాడు.

ఆటస్థలం నిండా బూట్ల గుర్తులు. దొర కళ్ళు చిట్లించి చూశాడు. నంద గుర్రం పక్కన నిలబడి, ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. కొంత తన మీదికి రాకుండా చెప్పాడు గాని, అబద్ధం మాత్రం చెప్పలేదు. దొర విన్నాడు. కోపం తెచ్చుకోలేదు. ముచ్చటపడినట్టు నవ్వి, దుర్గమ్మ వైపు చూసి, టోపీ కొంచెం ఎత్తి, ఏదో అన్నాడు.

"నీ మాట సాహెబ్‌కు మస్తు నచ్చింది," అన్నాడు నంద. "తొందర లేదన్నడు. మంచి గడియ చూసుకునే అలుకుమన్నడు. దౌరా నుంచి వచ్చి చూసి, అప్పుడు ఎద్దును ఇడుస్తడట."

"ఇదే మంచి గడియ జమాదారూ. ఇప్పుడే అలుకుత. నిలబడమను, ఒక్క జాములో—"

"సాహెబ్‌కు టైం లేదు."

ముసలయ్య దడి సందులోంచి వచ్చి గుర్రం ముందు సాగిలపడ్డాడు. గుర్రం బెదరకుండా దొర దాన్ని జాగ్రత్తగా పక్కకు నడిపించాడు. మనిషికి దెబ్బ తగలకూడదని నిజంగానే చూసుకున్నాడు. గుర్రం గేటు దాటింది.

భూషణం కాడి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుని, ఇర్మా ఇంటి దారి పట్టాడు.

దుర్గమ్మ లేచింది. గంప ఎత్తుకుని బంగళా మెట్ల దగ్గరికి పోయింది. అక్కడ గొంతుక్కూర్చుని, దొర గుర్రం నడిచిన దారి మీద మొదటి చెయ్యి వేసింది. గిట్టల చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది. ఆమె తల ఎత్తలేదు. మెట్ల నుంచి గేటు దాకా, ఒక్క గిట్ట గుర్తు మిగలకుండా, భుజం నుంచి చెయ్యి తిప్పుతూ అలికింది. ఇంట్లోంచి పాడె లేచిన తర్వాత ఎట్లా అలుకుతారో అట్లా, ఎక్కడా వెనక్కి తిరిగి చూడకుండా అలికింది.

సోమి నీళ్ళకుండ దించి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇదేదో పొద్దున చేసి ఉంటే అయిపోతుండె," అన్నాడు నంద.

*

ఆ సాయంత్రం ముసలయ్య గడప మీద కూర్చుని చాలాసేపు పలుపు పేనుతూ ఉండిపోయాడు. తెగినందుకు పేనడం కాదు. చేతులకు వేరే పని లేదు. లోపల దుర్గమ్మ అంబలి కలియబెడుతున్నది.

"ఆయన ఎనక అలికినవ్," అన్నాడు.

"అలికిన."

"కావాల్ననే."

"కావాల్ననే. గడియ చూసుకొనే అలుకుమన్నడు గద."

ముసలయ్య చేతిలో పలుపు పక్కన పెట్టాడు. "ఆయన రాకపోతే ఎద్దును ఎవరు ఇడుస్తరే?"

గరిటె ఆగిపోయింది. అంబలి బుడగలు వచ్చి చిందుతున్నా దుర్గమ్మ కుండ దించలేదు. ఎద్దును కట్టెయ్యమన్నది దొర. విప్పమనవలసిందీ దొరే. నంద దాని పలుపు ముట్టడు. కొత్త దొర ఎవడొచ్చినా, కొట్టంలో ఉన్న ఎద్దు బంగళాదే అంటాడు. ఆ అడవిలో, ఆ వానల్లో, పులి గాని చలిజ్వరం గాని దొరను ముట్టుకుంటే, వాళ్ళ ఎద్దు ఇక ఇంటికి రాదు.

తెల్లవారేసరికి దుర్గమ్మ బంగళా ముందు కుండపెంకుతో తను అలికిన దారిని గీకుతున్నది. ఎండిన అలుకు పెళ్ళలు పెళ్ళలుగా లేచింది. మొత్తం గంపకెత్తి ఏట్లో పోసి వచ్చింది. మధ్యాహ్నం మళ్ళీ, ఈసారి లోపలికి వచ్చేవాళ్ళ కోసం అలికినట్టు, గేటు నుంచి మెట్ల వైపు అలికి, సున్నంతో ముగ్గు కూడా వేసింది. గంగమ్మకు కోడిని మొక్కింది. సోమిని బతిమాలి, వాళ్ళ దేవుడికి కూడా ఇంకో కోడిని మొక్కించింది.

"ఎవరి కోసమని చెప్పాలె?" అంది సోమి.

"దొర కోసం."

"నవ్వుతడు మా దేవుడు."

"నవ్వనియ్. ఇనడం అయితే ఇంటడు గద."

ఆ తర్వాత రోజూ ఆమె పని అదే. పొద్దున ఆటస్థలం అలకడం, తర్వాత గేటు దగ్గర నిలబడి దారి చూడడం. దొర పోయిన కుట్రు దిక్కు నుంచి ఎవరు వచ్చినా, సంతకు పోయేవాళ్ళు గాని ఉప్పు మోసేవాళ్ళు గాని, ఆపి అడిగేది. "అడవుల దొరను చూసిన్రా? మంచిగున్నడా? అన్నం తింటున్నడా?" సముద్రం అవతల ఉన్న ఆయన తల్లి కూడా ఆ రోజుల్లో కొడుకు క్షేమం కోసం అంతగా బెంగపడి ఉండదు.

కట్టేసి ఊరికే మేపడమెందుకని నంద ఎద్దును రాతిబండకు కట్టి, చదును కోసం ఆటస్థలం పక్క నేల మీద తిప్పించసాగాడు. దడి అవతల, దిగువ చేలలో, భూషణం ఎద్దూ ఇర్మా ఎద్దూ జతగా పోతున్నాయి. మొదటిరోజు నడక కుదరక గుంజుకున్నాయి. తర్వాత కుదిరింది. ముసలయ్య తన చేను ఒక మూల పారతో తవ్వడం మొదలుపెట్టాడు. తవ్వినంత మేర ఒక మంచం పడుతుంది. ఎండ కాసింది. చేనంతా పైన తెల్లబడి, నెర్రెలు విచ్చింది. పదును పోయింది.

దొర ఒక మధ్యాహ్నం వచ్చాడు. నిక్షేపంగా ఉన్నాడు. ఎండకు కొంచెం నల్లబడ్డాడు, అంతే. గుర్రం మలుపు తిరగడం చూసి దుర్గమ్మ చేతిలో గంప పడేసి ఉరికింది. పేడ చేతులతోనే రెండు చేతులూ జోడించింది. కళ్ళ నీళ్ళు ధారగా కారాయి. గుర్రం పక్కనే, రికాబు మీది ఆయన బూటు వైపు చూస్తూ, అడుగులో అడుగు వేస్తూ బంగళా దాకా నడిచింది.

దొర గుర్రం దిగి, ముగ్గు చూశాడు. అద్దంలా ఉన్న దారులు చూశాడు. రాతిబండ తిరిగి తిరిగి బల్లపరుపుగా అయిన నేల చూశాడు. బంతి తెప్పించి దిబ్బ మీదికి కొట్టాడు. అది ఎక్కి, ఒక్క క్షణం తటపటాయించి, చెంబులో పడింది. ఇన్నాళ్ళకు మొదటిసారి. దొర చాలాసేపు చెంబునే చూసి, తర్వాత ఏడుస్తున్న దుర్గమ్మను చూశాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. నందతో నిదానంగా, ఒక్కొక్క మాటే చెప్పాడు.

"అదృష్టవంతురాలివి," అన్నాడు నంద. "ఇరవై ఏండ్ల కొలువుల నా కోసం ఎవరూ ఇట్ల ఏడ్వలేదన్నడు సాహెబ్. ఇంత ప్రేమగా చూసుకునే మనిషిని పోనియ్యద్దన్నడు. ఇగ ఈ జాగా నీదే. రోజూ నువ్వే రావాలె."

"ఎద్దు," అంది దుర్గమ్మ.

నంద తిరిగి అడిగాడు. దొర చిరునవ్వుతో తల ఊపాడు. ఇచ్చిన మాట మరిచే మనిషి కాదు.

"ఎద్దు నీదేనట. ఎవరూ కాదనరట. బండ గుంజేటందుకు ఈడనే ఉంటది. నువ్వు రోజూ వస్తవు గద, నీకు దూరం కాదు అన్నడు."

దొర లోపలికి పోయాడు. నంద జీను విప్పించడానికి పోయాడు. దుర్గమ్మ దడి వైపు చూసింది. ముసలయ్య పార మీద వాలి ఇటే చూస్తున్నాడు. ఏం చెప్పారని తల ఎగరేసి అడిగాడు. ఆమె చూపు దిబ్బ మీదికి మళ్ళింది.

దిబ్బ దగ్గర దొర బూటు దిగబడినచోట కొంచెం మట్టి లేచింది. ఎవరో ఒకరు సరిచెయ్యాలి. ఎద్దు బండ లాగుతూ పక్క నుంచి పోయింది, నాలుగడుగులు పోయాక ఆగి పేడ వేసి మళ్ళీ నడిచింది. దుర్గమ్మ పడేసిన గంప వెతికి తెచ్చుకుని, వంగి, ఆ పేడను రెండు చేతులతో ఎత్తింది. ఇంకా వెచ్చగా ఉంది.